‘ల్యాగ్’ వేరు, నిదానం వేరు: ‘బెటర్ కాల్ సాల్’ని ప్రేమించలేకపోయిన తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో వెళ్లి వస్తూ, ఫోన్‌లో ‘బెటర్ కాల్ సాల్’ అనే అమెరికా సీరియల్ నాలుగు సీజన్లు పూర్తి చేశానన్నావు. కొన్ని ఎపిసోడ్లు 1.5 స్పీడులో పెట్టి చూశానని కూడా దాచకుండా చెప్పావు. "బాగా తీశారని తెలుస్తూనే ఉంది, ఎక్కడా వంక పెట్టలేను. కానీ మళ్లీ చూడాలని అనిపించడం లేదు, ఎవరికైనా చెప్పి చూపించాలనీ అనిపించడం లేదు" అన్నావు. రూమ్‌లో ఉన్న దోస్తులేమో "నీకు అర్థం కాలేదు పో" అంటున్నారు. స్లోగా ఉంటేనే గొప్పదా, లోపం నాలోనే ఉందా, మిగతా రెండు సీజన్లు చూడాలా వదిలేయాలా అని అడిగావు.

నేను 22 ఏళ్లు హైదరాబాద్‌లో టీవీ సీరియళ్లకు ఎడిటర్‌గా పని చేశాను. అంతకుముందు హనుమకొండలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాణ్ణి. ఇప్పుడు మళ్లీ హనుమకొండలోనే ఉంటున్నా, అడిగిన పిల్లలకు ఎడిటింగ్ నేర్పిస్తున్నా. నువ్వు అడిగింది నేను రోజూ ఆలోచించే విషయమే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ముందు ఒక మాట. ఆ 63 ఎపిసోడ్లూ నేను చూశాను. ఆ సీరియల్ అంటే నాకు చాలా గౌరవం. ప్రేమ మాత్రం పుట్టలేదు. కాబట్టి నీలో లోపం ఉందని నేను అనలేను.

మన దగ్గర ‘ల్యాగ్’ అనే ఒక్క మాటతో అన్నీ తేల్చేస్తాం. థియేటర్ బయట మైకు పెడితే "సెకండాఫ్ కొంచెం ల్యాగ్ ఉందన్నా" అంటాం. ఇంట్లో సీరియల్ చూస్తూ "అబ్బా, ఏం ల్యాగ్" అంటాం. ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చున్న వాడికి మాత్రం ఇందులో మూడు సంగతులు కనిపిస్తాయి. సాగదీత అంటే కథ లేకపోయినా నిమిషాలు నింపడం. ల్యాగ్ అంటే కథ ఉంది, కానీ ఎక్కడ కోయాలో తెలియలేదు, లేదా కష్టపడి తీసింది కోయడానికి మనసు ఒప్పలేదు. నిదానం అంటే ఎక్కడ కోయాలో బాగా తెలిసిన మనిషి కావాలనే ఆగడం. బయట నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. షాట్ కదలదు, మాట రాదు, మన చెయ్యి ఫోన్ మీదికి పోతుంది.

సాగదీత నేను స్వయంగా చేశాను కాబట్టి అది ఎలా పుడుతుందో చెప్తాను. డైలీ సీరియల్ అంటే వారానికి ఐదారు ఎపిసోడ్లు. అరగంట స్లాట్‌లో యాడ్లు పోను 20 నుంచి 22 నిమిషాలు మేము ఇవ్వాలి. ముందే తీసి పక్కన పెట్టుకున్న ఎపిసోడ్లను బ్యాంకింగ్ అంటాం. బ్యాంకింగ్ అయిపోయిందంటే ఇవాళ షూట్ చేసింది రేపు టెలికాస్ట్. అలాంటి ఒక సాయంత్రం నా టేబుల్ మీదికి 17 నిమిషాల ఫుటేజీ మాత్రమే వచ్చింది. ఆర్టిస్టులు ప్యాకప్ అయి వెళ్లిపోయారు. ఇంకో నాలుగు నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలి? ఒక సీన్‌లో కోడలు మెట్లు దిగి వస్తుంటే అత్త తలెత్తి చూస్తుంది. ఆ చూపు నాలుగు సెకన్లు. దాన్ని స్లో మోషన్ చేస్తే తొమ్మిది సెకన్లు అయింది. తర్వాత కోడలి ముఖం, మళ్లీ అత్త, మామ, పనిమనిషి, గోడ మీద ఫోటో, మళ్లీ అత్త. ప్రతి ముఖానికీ ఒక జూమ్, ఒక తెల్ల ఫ్లాష్, ఆర్‌ఆర్‌లో, అంటే నేపథ్య సంగీతంలో, ఒక ఉరుము. ఆ ఒక్క చూపుతో నిమిషంన్నర వచ్చింది. మిగతాది ఇంకో రెండు చోట్ల అలాగే లాగాను.

మర్నాడు ఎపిసోడ్ అయిపోగానే ఊరి నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. "అత్త అంతసేపు చూసింది గదా బిడ్డా, ఏం చూసింది? రేపు ఏమైతది?" అని అడిగింది. ఆమె ఏమీ చూడలేదు. రేపు ఏమీ కాదు. అమ్మ నమ్మింది, ఎదురు చూసింది. ఆ ఫోన్ ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. సీరియళ్లలో పని చేసేవాళ్ల కష్టం నాకు తెలుసు, వాళ్లను తక్కువ చేసి మాట్లాడను. రోజుకు 14 గంటలు నిలబడి పని చేసే మనుషులు వాళ్లు. కానీ చూసేవాళ్ల సమయాన్ని ఊరికే వాడుకున్న పాపం ఆ సాయంత్రం నాది.

అందుకే నిదానం కనిపిస్తే నాకు చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది. నువ్వు చూసిన మూడో సీజన్‌లో మొదటి ఎపిసోడ్ గుర్తు చేసుకో. మైక్ అనే ముసలాయన తన కారులో ఎవరో ట్రాకర్ పెట్టారని అనుమానిస్తాడు. పాత కార్లు విడగొట్టే చోటికి కారు తీసుకుపోయి మొత్తం ఊడదీస్తాడు. సీట్లు, తలుపుల లోపలి అట్టలు, అన్నీ నేల మీదికి వస్తాయి. దాదాపు ఒక్క మాట ఉండదు. చివరికి ఏమీ దొరకదు. కారును వదిలేసి లోపల కూర్చుంటే అమ్మకానికి వేలాడదీసిన ట్యాంకు మూతల మీద ఆయన కళ్లు పడతాయి. కాసేపు అలా చూస్తాడు. లేచి వెళ్లి తన కారు ట్యాంకు మూత పగలగొడితే లోపల ఉంది ట్రాకర్.

ఆ మూతల మీద చూపు ఆగిన షాట్‌ను నేను చాలాసార్లు వెనక్కి జరిపి చూశాను. మేము దాన్ని షాట్ పట్టుకోవడం అంటాం. మనిషి బుర్రలో ఆలోచన మొదలైన క్షణం నుంచి అది పూర్తయ్యే దాకా కోయకుండా ఆగడం. ఒక సెకను ముందు కోస్తే ఆయనకు ఎవరో చెప్పినట్టు ఉంటుంది. రెండు సెకన్లు ఎక్కువ ఉంచితే మనకు ముందే తెలిసిపోయి విసుగొస్తుంది. అక్కడ సరిగ్గా మనకూ ఆయనకూ ఒకేసారి తడుతుంది. తర్వాత ఆయన ఊరుకోడు. అలాంటిదే ఇంకో ట్రాకర్ సంపాదిస్తాడు, వాళ్లు పెట్టినదాని బ్యాటరీని ఒక రేడియోకు తగిలించి అరగదీస్తాడు. బ్యాటరీ అయిపోతే మార్చడానికి వాళ్లే వస్తారని కాచుకుని కూర్చుంటాడు. రేడియో పాడుతూ ఉంటుంది, ఆయన కూర్చుని ఉంటాడు, అంతే. మా దగ్గర అయితే ఇదంతా "కారులో ట్రాకర్ దొరికింది సార్" అనే ఒక్క డైలాగు.

ఆ పది నిమిషాలు తీసేస్తే కథలో ఏం కూలుతుంది? నేను ప్రతి షాట్‌నూ అడిగే ప్రశ్న ఇది. కథ కూలదు. మైక్ కూలతాడు. ఈయన ఓపిక ఎంతటిదో మన కళ్లతో చూశాం కాబట్టి, తర్వాత ఆయన ఎవరినైనా "ఆగు" అంటే మనమూ ఆగుతాం.

ఇప్పుడు నీ 1.5 స్పీడు సంగతి. తిట్టడానికి చెప్పడం లేదు, లెక్క చెప్తున్నా. 12 సెకన్లు పట్టుకున్న షాట్ నీకు 8 సెకన్లే కనిపించింది. ఆ నాలుగు సెకన్లలోనే ఆ ముసలాయన ఆలోచన ఉంది. నీకు కథ అందింది, ఆలోచన అందలేదు. కాబట్టి ఆ ఎపిసోడ్ల విషయంలో మాత్రం ప్రేమ పుట్టలేదన్న తీర్పు కొంచెం పక్కన పెట్టు. మామూలు స్పీడులో చూసిన ఎపిసోడ్లూ అలాగే అనిపించాయన్నావు కదా, అసలు ప్రశ్న అక్కడుంది.

మన ఇళ్లలో టీవీని చూసేదానికంటే వినేది ఎక్కువ. సాయంత్రం ఏడు తర్వాత ఏ ఇంటికి పోయినా ఇదే కనిపిస్తుంది. టీవీ ముందు గదిలో, అమ్మ వంటింట్లో, కుక్కర్ విజిల్, మధ్యలో ఎవరో ఫోన్. మా సీరియళ్లు ఆ చెవి కోసం తయారైనవి. అందుకే ప్రతి మాటా రెండుసార్లు చెప్పిస్తాం, అందుకే ఉరుము. ఉరుము వినపడితే కూర కలుపుతున్న మనిషి తల తిప్పి చూస్తుంది. ‘బెటర్ కాల్ సాల్’ పూర్తిగా కంటికి తీసింది. తల తిప్పితే పోయింది. మనకు చిన్నప్పటి నుంచి అలవాటైన టీవీకీ దీనికీ కూర్చునే పద్ధతే వేరు.

నిదానం మనకు కొత్తదేమీ కాదు. మా ఊరు ఐనవోలు దగ్గర. సంక్రాంతికి మొదలయ్యే మల్లన్న జాతర ఉగాది దాకా నడుస్తుంది. చుక్క సత్తయ్య గారి లాంటి మహా ఒగ్గు కళాకారుడు పుట్టిన ప్రాంతం మనది. ఒగ్గు కథ పెట్టించారంటే రాత్రంతా సాగుతుంది. కథ చెప్పే ఒగ్గు పూజారి, పక్కన వంత పలికేవాళ్లు, డోలు, తాళాలు. ఒక్కో ఘట్టం గంట నడుస్తుంది. చిన్నప్పుడు నేను నానమ్మ ఒళ్లో నిద్రపోయి లేచేవాణ్ణి. లేచేసరికి కథ నన్ను వదిలి ఎక్కడికీ పోయేది కాదు. వంత పలికేవాడు అడుగుతాడు, కథకుడు మళ్లీ చెప్తాడు, నిద్ర లేచినవాడికి కూడా కథ అందుతుంది. ఆ నిదానం మనల్ని ఒళ్లో పడుకోబెట్టుకుంటుంది.

ఈ అమెరికా సీరియల్ నిదానం మనల్ని బెంచీ మీద కూర్చోబెడుతుంది. ఐదు నిమిషాలు కునుకు తీశావంటే, అప్పుడు జారవిడిచిన వస్తువును రెండు సీజన్ల తర్వాత అడుగుతుంది. అడిగే హక్కు దానికి ఉంది, అంత జాగ్రత్తగా పెట్టారు. కానీ ఒళ్లో ఉన్నప్పుడు పుట్టేది బెంచీ మీద పుట్టదు.

చక్ సంగతే తీసుకో. కథలో ముఖ్యపాత్ర జిమ్మీ అనే లాయరు. చక్ అతని అన్న, పెద్ద లాయరు. దగ్గర్లో కరెంటు ఉన్నా ఒళ్లంతా మంటలని నమ్మే మనిషి. ఇంట్లో కరెంటు ఉండదు, లాంతరు వెలుగులో చదువుకుంటాడు. ఎవరు వచ్చినా ఫోన్, వాచీ బయట పోస్టు డబ్బాలో పెట్టి లోపలికి రావాలి. మొదటి సీజన్ నుంచి ఈ తతంగం చూపిస్తూనే ఉంటారు. తలుపు కొట్టడం, డబ్బా తెరవడం, ఫోన్ పెట్టడం. రెండో సీజన్‌కు వచ్చేసరికి నాకే అనిపించింది, ఇంకెన్నిసార్లయ్యా, తెలిసింది కదా అని. మూడో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో, జిమ్మీ మీద లాయర్ల సంఘం జరిపే విచారణలో అసలు సంగతి తెలుస్తుంది. జిమ్మీ ఒక చార్జింగ్ ఉన్న ఫోన్ బ్యాటరీని అన్న కోటు జేబులో వేయించి ఉంటాడు. గంటా 43 నిమిషాలుగా అది ఆయన గుండె దగ్గరే ఉంది, ఆయనకు తెలియనే లేదు. అది తెలిసిన క్షణం నుంచి చక్ మాట్లాడటం మొదలుపెడతాడు. మాట మీద మాట, చిన్నప్పటి నుంచి తమ్ముడి మీద దాచుకున్నదంతా బయటికి వస్తుంది. తన నోటితో తానే మునిగిపోతాడు. అదంతా అయ్యాక గోడ మీద బయటికి దారి చూపే ఎర్ర బోర్డు, దానిలోంచి సన్నగా కరెంటు మోత.

ఆ పోస్టు డబ్బా సీన్లలో సగం నేను కోసేసి ఉంటే ఈ సీన్ ఇంత బరువుగా పడేది కాదు. నేనే తప్పు, వాళ్లే రైటు అని ఒప్పుకున్నాను. కన్నీళ్లు మాత్రం రాలేదు. లేచి నిలబడి చప్పట్లు కొట్టాలనిపించింది. కన్నీళ్లకూ చప్పట్లకూ మధ్య ఉన్న తేడానే నువ్వు అడిగింది.

ప్రేమ సంగతి చెప్పాలంటే 1987కు పోవాలి. జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది, మరుసటి ఏడాది జులై దాకా 78 ఎపిసోడ్లు వచ్చింది. మా వాడకట్టులో ఒక్క ఇంట్లోనే టీవీ. ఆదివారం పొద్దున ఆ ఇంటి ముందు చెప్పులు కుప్పలు పడేవి. నానమ్మకు హిందీ ఒక్క ముక్క రాదు. అయినా కొంగు తల మీదికి లాక్కుని చేతులు జోడించి కూర్చునేది. అది కూడా స్లోనే! ఒకరు మాట అంటే సభలో ఉన్నవాళ్లందరి ముఖాలూ చూపిస్తారు. ఎడిటర్‌గా ఇప్పుడు చూస్తే ప్రతి సీన్‌లో కోయాల్సినవి కనిపిస్తాయి. కానీ ఆ టైటిల్ సంగీతం ఎక్కడైనా వినపడితే నా ఒళ్లు జలదరిస్తుంది. పనితనం చూసి పుట్టింది కాదు అది. నానమ్మ పక్కన కూర్చుని చూశాను కాబట్టి పుట్టింది.

నాకు మేనమామ ఒకాయన, పెద్దబాపు ఒకాయన ఉండేవాళ్లు. మేనమామ వచ్చాడంటే మిర్చి బజ్జీల పొట్లం, సైకిల్ మీద షికారు, భుజాల మీద ఎక్కించుకోవడం. చెప్పిన మాట మీద ఎప్పుడూ నిలబడేవాడు కాదు, జాతరకు తీసుకుపోతానని నాలుగేళ్లు చెప్పాడు. ఆయనంటే ప్రాణం. పెద్దబాపు వరంగల్ కొత్తవాడలో ఉండేవాడు, దర్రీలు నేసేవాడు. మన వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిందని నీకు తెలిసే ఉంటుంది. ఆ రోజులు చూడకుండానే ఆయన పోయాడు. సెలవుల్లో ఆయన దగ్గర ఉంటే మాట్లాడేవాడు కాదు. మగ్గం ముందు కూర్చుంటే పొద్దున్నుంచి అదే చప్పుడు. ఒకసారి నేను చూస్తుండగా చాలాదూరం నేసినది ఆపి, వేలితో తడిమి, వెనక ఎక్కడో ఒక పోగు రంగు తప్పిందని గుర్తించాడు. పూలు నేసే అంచు పక్కన, ఎవరి కంటా పడని చోట. ఒక్కో పోగూ విప్పుకుంటూ అక్కడిదాకా వెనక్కి వచ్చాడు. ఆ పూట అంతా అందులోనే పోయింది. నన్ను తిట్టలేదు, విసుక్కోలేదు, నాకు వివరించనూ లేదు. మళ్లీ మొదలుపెట్టాడు.

ఆయన ఒళ్లో నేను ఎప్పుడూ కూర్చోలేదు. ఆయన నేసిన దర్రీ మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, దాని మీద చెప్పులతో ఎవరైనా అడుగు పెడితే నేను ఊరుకోను.

‘బెటర్ కాల్ సాల్’ నాకు పెద్దబాపు లాంటి సీరియల్. 2015 ఫిబ్రవరిలో మొదలై 2022 ఆగస్టులో ముగిసింది. ఐదు సీజన్లకు పదేసి, చివరిదానికి 13, మొత్తం 63 ఎపిసోడ్లు. వారానికి ఆరు రోజులు వచ్చే మా డైలీ సీరియల్ ఆ సంఖ్యను మూడు నెలలు తిరగకుండానే దాటేస్తుంది. దాన్ని సృష్టించిన విన్స్ గిలిగన్, పీటర్ గౌల్డ్ బృందం ఏడున్నరేళ్లు తీసుకుంది. ఎంత పోగు విప్పి మళ్లీ నేసి ఉంటారో నేను ఊహించగలను.

ఇంకొకటి కూడా ప్రేమకు అడ్డం వస్తుంది. ఇది ‘బ్రేకింగ్ బ్యాడ్’ అనే అంతకుముందు వచ్చిన సీరియల్‌కు ముందు జరిగిన కథ. జిమ్మీ చివరికి అందులోని సాల్ గుడ్‌మన్ అనే వంకర లాయరు అవుతాడని మనకు ముందే తెలుసు. ఆ మనిషి మంచి పని చేసినప్పుడల్లా మన మనసు ఒక అడుగు వెనక్కి వేస్తుంది, ఎలాగూ చెడిపోతాడు కదా అని. మునిగిపోయే పడవ అని తెలిసి ఎక్కినట్టు ఉంటుంది. ఎలా మునిగింది అనేదాన్ని శ్రద్ధగా చూస్తాం, ఎక్కడం మాత్రం ఎక్కం. నేను చాలాకాలం ఒడ్డు మీదే నిలబడ్డాను. నువ్వూ అక్కడే ఉన్నావని నీ ప్రశ్న చదివితే అనిపించింది.

మా ఆవిడ మాత్రం ఎక్కింది. ఆమెను ఎక్కించింది జిమ్మీ కాదు, అతను ప్రేమించే లాయరు కిమ్. ‘బ్రేకింగ్ బ్యాడ్’లో కిమ్ లేదు. కాబట్టి ఆమెకు ఏమవుతుందో ఎవరికీ తెలియదు, అసలు టెన్షన్ అంతా అక్కడే. రెండో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో కిమ్‌ను పనిష్‌మెంట్ కింద కింది గదిలో కాగితాలు చదివే పనికి పంపిస్తారు. ఆమె ఖాళీ దొరికినప్పుడల్లా బయటికి వచ్చి ఫోన్ మీద ఫోన్ చేస్తుంది. తెలిసినవాళ్లను, సగం తెలిసినవాళ్లను, ఎవరైనా క్లయింటు దొరుకుతారేమోనని. రంగురంగుల చీటీలు అతికించడం, పీకేయడం, మళ్లీ డయల్ చేయడం. చివరికి ఒక బ్యాంకు దొరుకుతుంది. పార్కింగ్‌లో ఎవరూ లేరనుకుని ఆనందంతో గెంతుతుంది. ఇంత పెద్ద క్లయింటును తెచ్చాక బాస్ ఏం చేశాడు? బాగుందని క్లయింటును తీసుకున్నాడు, ఆమెను మళ్లీ ఆ కింది గదికే పంపించాడు.

మా ఆవిడ 30 ఏళ్లు ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైంది. ఎపిసోడ్ అయిపోయాక టీవీ ఆపలేదు, లేవలేదు. "నన్ను గూడ గిట్లనే జేశిండ్రు" అంది. నాకు ఎప్పుడూ చెప్పని సంగతి ఆ రాత్రి చెప్పింది. తను రాత్రుళ్లు కూర్చుని తయారు చేసిన ఫైలు మీద ఇంకెవరికో పేరు వచ్చిన సంగతి. ఆ రోజు నుంచి ఆమెకు ఆ సీరియల్ అంటే ప్రేమ. ఇప్పటికి మూడుసార్లు చూసింది. షాట్లు గురించి నేను మాట్లాడితే చెయ్యి అడ్డం పెడుతుంది. ఒకే సోఫా మీద, ఒకే స్క్రీన్ ముందు, ఆమెకు ప్రేమ, నాకు గౌరవం. ఇద్దరిలో ఎవరికి ‘అర్థమైంది’ అని అడిగితే నేనేం చెప్పను? ఆమె జీవితంలోని ఒక గాయానికి అది తగిలింది. నా జీవితంలో తగిలింది నా పనికి. నీకు ఇంకా ఏదీ తగలలేదేమో, లేదా నీ వయసుకు అది ఇంకా రాలేదేమో. నీ దోస్తులకు ఏది తగిలిందో ఒకసారి నెమ్మదిగా అడుగు. "నీకు అర్థం కాలేదు" అనడం కంటే బాగా చెప్తారు.

అవార్డులు ఇచ్చేవాళ్ల సంగతి కూడా విను. అమెరికాలో టీవీకి ఇచ్చే ఎమ్మీ అవార్డులకు ఆ సీరియల్ 53 సార్లు నామినేట్ అయింది. ఒక్కటి కూడా రాలేదు. మళ్లీ మళ్లీ పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టారు, చేతికి మాత్రం ఇవ్వలేదు. నాకు అది బాధగానే అనిపిస్తుంది. కిమ్ పాత్ర చేసిన రియా సీహార్న్‌కు రాకపోవడం మరీ. ఆ పని వచ్చినవాళ్లే గౌరవం దగ్గర ఆగిపోయారంటే, రైల్లో ఫోన్ పట్టుకుని నువ్వు ఆగిపోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

గౌరవం ఉందంటే అన్నీ ఒప్పుకోవాలని కూడా కాదు. నాలుగో సీజన్‌లో లాండ్రీ కింద రహస్యంగా తవ్వే పని, జర్మన్ ఇంజినీరు, ఆయన మనుషులు. ఆ భాగం నా చేతికి ఇస్తే ఒక ఎపిసోడ్ అంత నిడివి కోసేవాణ్ణి. వెర్నర్ అనే ఆ ఇంజినీరు మంచి పాత్రే, ఆయన ముగింపు మనసును పట్టేస్తుంది. కానీ దానికి ముందు పనివాళ్ల గొడవలు నా దృష్టిలో నిదానం దాటి ల్యాగ్‌లోకి వెళ్లాయి. నువ్వు సరిగ్గా ఆ సీజన్ చివర ఆగిపోయావు కదా, అలసట అక్కడ పుట్టి ఉండొచ్చు. ఈ మాట మీ దోస్తులతో ధైర్యంగా అను. గౌరవించే మనిషికి వంక పెట్టే హక్కు ఉంటుంది. స్లో అన్న ఒక్క కారణానికి దేన్నైనా గొప్పదంటే ఒప్పుకోకు. ఈ మధ్య ఓటీటీలో సీరియస్‌గా కనిపించడానికి ఊరికే కిటికీలోంచి బయటికి చూసే పాత్రలు ఎక్కువయ్యాయి. అవి నేను లాగిన ఆ సీరియల్ అత్త చూపు లాంటివే, ఉరుము ఒక్కటి తక్కువ.

ఇక మిగతా రెండు సీజన్లు. చూడమనే చెప్తాను, కానీ ప్రేమ పుడుతుందని హామీ ఇవ్వను. ఐదో సీజన్ మొదలుపెట్టు. అది నాలుగోదానికంటే బిగువుగా ఉంటుంది, కథ వేగం కూడా నీకే తెలుస్తుంది. ఎనిమిదో ఎపిసోడ్ దాకా ఆగకు. దాన్ని విన్స్ గిలిగన్ స్వయంగా డైరెక్ట్ చేశాడు. ఎక్కువ భాగం ఎడారిలో నడుస్తుంది, జిమ్మీ, మైక్, ఎండ, సరిపోని నీళ్లు. అంతకు మించి చెప్పను. అది చూశాక కూడా ఒడ్డు మీదే ఉన్నానని అనిపిస్తే ఆరో సీజన్ వదిలేయ్, ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని లేదు.

ఆ ఎనిమిదో ఎపిసోడ్ మాత్రం రైల్లో చూడకు. ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో, మామూలు స్పీడులో పెట్టు. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకో. ఇసుక మీద అడుగుల చప్పుడు టీవీ స్పీకర్లలో సరిగా వినపడదు.